గోదావరి జిల్లాల్లో లారీ డ్రైవరుగా మొదలుపెట్టాలంటే: మొదటి లోడు బియ్యమే

కోనసీమ నుంచి ఒక కుర్రాడు అడిగిన ప్రశ్నకి ఈ జవాబు. అతనికి ఇరవై నిండాయి. పది పాసయ్యాడు, ఇంటర్ మధ్యలో ఆపేశాడు. కారు లైసెన్స్ చేతికొచ్చి ఏడాది దాటింది. హెవీ లైసెన్స్ ఎలా తీసుకోవాలి, చేపల బండి ఎక్కితే డబ్బు బాగా వస్తుందంటున్నారు నిజమేనా, లేక ఫైనాన్స్‌లో సొంత బండే తీసుకుంటే నయమా అని అడిగాడు. ఇంట్లో నాన్న మాత్రం ససేమిరా అంటున్నారట.

తమ్ముడూ, నేను ఆరు టైర్ల బండి మీద మొదలుపెట్టి ట్రైలర్ దాకా నడిపాను. ఇప్పుడు రావులపాలెంలో ఉండి రెండు బండ్లు తిప్పుకుంటున్నాను. అంటే స్టీరింగు పట్టుకునేవాడి బాధా తెలుసు, మంచి డ్రైవరు దొరక్క తిరిగే ఓనరు బాధా తెలుసు. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. లైసెన్స్ వెంటనే తీసుకో. చేపల బండి ఇప్పుడే ఎక్కకు. సొంత బండి మాట కనీసం రెండేళ్లు కట్టిపెట్టు. మొదటి ఏడాది మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకి వెళ్లే బియ్యం లోడు మీద గడుపు. డబ్బు కాస్త తక్కువే. కాని ఈ పనిలో నేర్చుకోవాల్సినవి చాలావరకు ఆ రూట్లోనే ఉన్నాయి, టైముకి చేరాలన్న టెన్షన్ కూడా ఉండదు.

లైసెన్స్ సంగతి తొందరగా తేలిపోతుంది. ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి, కనీసం ఏడాదిగా లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ ఉండాలి. నీకు రెండూ ఉన్నాయి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన 2019లో ఎత్తేశారు, కాబట్టి చదువు గురించి ఎవరైనా భయపెడితే పట్టించుకోకు. రవాణా శాఖ సారథి పోర్టల్లో ఎల్ఎల్ఆర్‌కి, అంటే లెర్నర్ లైసెన్స్‌కి అప్లై చేస్తావు. డాక్టరు సంతకంతో ఫారం 1ఏ, అంటే మెడికల్ సర్టిఫికెట్ కావాలి. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత టెస్టుకి వెళ్లొచ్చు. టెస్టు నాటికి గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్ ఉండాలి. లైసెన్స్ వచ్చాక ఐదేళ్లు చెల్లుతుంది. పెట్రోలు, గ్యాసులాంటి ప్రమాదకర సరుకు ట్యాంకరు నడపాలంటే దానికి వేరే శిక్షణ, వేరే ఎండార్స్‌మెంట్ ఉన్నాయి, అది మూడేళ్లకోసారి రెన్యువల్. తాటిపాక వైపు ఓఎన్‌జీసీ ట్యాంకర్లు చూసి ఆశపడే కుర్రాళ్లు మీ దగ్గర చాలామంది ఉంటారని తెలుసు. అది ఐదారేళ్ల తర్వాతి మాట.

"నేర్చుకోనక్కర్లేదు, డబ్బిస్తే లైసెన్స్ ఇంటికొస్తుంది" అనేవాడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. వాడి దగ్గరికి వెళ్లకు. అలా వచ్చినవాణ్ణి మా ఓనర్లం మొదటి రోజు రివర్స్ పెట్టించగానే పట్టేస్తాం. ఆర్టీసీ కూడా కొన్ని డిపోల్లో హెవీ డ్రైవింగ్ స్కూలు నడుపుతోంది. దగ్గర్లో ఉంటే ముందు అక్కడ కనుక్కో. బస్సు మీద నేర్చుకున్నా పెద్ద బండి కొలత కంటికి అలవాటవుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. హెవీ వచ్చేదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. బండి, సరుకు కలిపి 7,500 కిలోలు దాటని గూడ్సు వాహనాన్ని కారు లైసెన్స్‌తోనే నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చి చెప్పింది. ఆ అంకె బండి ఆర్సీలో ఉంటుంది, చూసుకుని ఎక్కు. బొలెరో పికప్, దోస్త్ లాంటివన్నీ అందులోకి వస్తాయి. మీ వైపు రొయ్యల మేత, అరటి గెలలు, కొబ్బరికాయలు ఊళ్లలోంచి రోడ్డు మీదకి తెచ్చేది ఈ బండ్లే. ఎల్ఎల్ఆర్ నడుస్తున్నన్నాళ్లూ పికప్ నడుపు. సరుకుని అప్పజెప్పి సంతకం తీసుకోవడం, కాయ తక్కువైందని కొనేవాడు అరిస్తే నోరు జారకుండా మాట్లాడటం అక్కడే వచ్చేస్తాయి.

స్కూల్లో నేర్పేది ఖాళీ బండి మీద. ఖాళీ బండి బ్రేకు తొక్కగానే ఆగుతుంది. పదిహేను టన్నులు ఎక్కాక అదే బ్రేకు తొక్కితే కాస్త ఆలోచించుకుని ఆగుతుంది. ఆ తేడా కాలికి తెలియాలంటే తెలిసిన డ్రైవరు పక్కన కూర్చుని తిరగాల్సిందే. వెనకటికి ప్రతి బండికీ క్లీనరు ఉండేవాడు, వాడే నాలుగేళ్లకి డ్రైవరయ్యేవాడు. ఇప్పుడు ఖర్చు కలిసిరాక చాలామంది ఓనర్లు క్లీనర్ని మానేశారు. అందుకే ఓనరు దగ్గరికి వెళ్లి "డ్రైవరు పని ఇవ్వండి" అనకు. "సీనియరుతో పాటు నాలుగైదు నెలలు సెకండు డ్రైవరుగా తిరుగుతానండి, బత్తా ఇస్తే చాలు" అని అడుగు. ఇలా అడిగే కుర్రాడు మాకు దొరకడం లేదు.

ఆ నాలుగైదు నెలలూ స్టీరింగు మీద ఆశ పెట్టుకోకు. తెల్లారగానే బండి చుట్టూ తిరిగే పని నీదే అని అడిగి తీసుకో. చేతిలో ఇనప రాడ్డు పట్టుకుని ప్రతి టైరునీ కొట్టు. గాలి నిండుగా ఉన్న టైరు కొడితే రాడ్డు ఎగిరి వెనక్కొస్తుంది, చప్పుడు ఖంగుమంటుంది. గాలి తగ్గినదైతే రాడ్డు చతికిలబడుతుంది, చప్పుడు మొద్దుగా వస్తుంది. వెనక జోడు టైర్లలో లోపలిదాన్ని కూడా కొట్టాలి, సగంమంది బయటిదాన్ని కొట్టి వచ్చేస్తారు. రెండింటి మధ్య రాయి ఇరుక్కుందేమో వంగి చూడు. వీల్ నట్ల చుట్టూ తుప్పు గీతలా కారి ఉంటే ఆ నట్టు వదులైందని అర్థం. బ్రేకులకి గాలి ఇచ్చే ట్యాంకు కింద డ్రెయిన్ వాల్వు లాగి నీళ్లు వదులు. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, వానాకాలంలో రోజూ నీళ్లు దిగుతాయి. ఆ నీళ్లు బ్రేకు లైన్లోకి పోతే నీకే నష్టం. ఇంజను స్టార్ట్ చేశాక గాలి మీటరు ఎక్కేదాకా బండి కదపకు.

ఇంకోటి, 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవన్నీ బీఎస్-6 బండ్లు. వాటికి డీజిలుతో పాటు పొగలో విషం తగ్గించే డెఫ్ అనే యూరియా ద్రావణం కూడా పొయ్యాలి. అది అయిపోతే లేదా కల్తీది పోస్తే బండి పవరు తగ్గిపోయి పాకుతుంది. రోడ్డు పక్కన చవగ్గా అమ్మే క్యాన్లు కొనకు. పాత డ్రైవర్లలో కొందరు దీన్ని లెక్కచెయ్యరు. నువ్వు మీటరు చూస్తూ ఉండు.

ఇప్పుడు బియ్యం దగ్గరికి వద్దాం. మండపేట, రామచంద్రపురం, భీమవరం వైపు మిల్లుల నుంచి కాకినాడకి బియ్యం లారీలు వెళ్తూనే ఉంటాయి. తెల్లారి లోడైతే చీకటి పడేలోపు పోర్టు లైనులో ఉంటావు. దూరం తక్కువ, దారి తెలిసినది, బండి పాడైతే మెకానిక్కు పిలిచేంత దూరంలో ఉంటాడు. మిల్లులో బండి ఖాళీగా కాటా వేస్తారు, లోడయ్యాక మళ్లీ వేస్తారు. రెండు చీటీలూ నీ జేబులో ఉండాలి. పోర్టు కాటాలో తేడా వస్తే నీ మాటని నిలబెట్టేది ఆ చీటీలే. ముఠా కూలీలు బస్తాలు పేరుస్తుంటే టీ తాగడానికి పోకు, నిలబడి చూడు. అడుగు వరస నిలువుగా వేస్తే పై వరస అడ్డంగా రావాలి, అప్పుడే కట్టు పడుతుంది. బరువు ముందు క్యాబిన్ వైపూ వెనక వైపూ సమానంగా పడాలి. వెనక ఎక్కువైతే స్టీరింగు తేలిపోతుంది, నీకు రోడ్డు మీద అర్థమవుతుంది కాని అప్పటికి దింపేవాడు ఉండడు.

బరకం కట్టడం అన్నిటికంటే పెద్ద చదువు. ముందు వైపు బరకం వెనక వైపు దాని మీదకి రావాలి, గాలి ఎదురుగా కొట్టినప్పుడు లోపలికి దూరకుండా. మడతలు నీళ్లు నిలిచేలా గుంటలు పడకూడదు. తాడు బిగించాక పది కిలోమీటర్లు వెళ్లి ఆపి మళ్లీ బిగించు, ఆ కుదుపులకి లోడు సర్దుకుని తాడు వదులవుతుంది. అక్టోబరులో అల్పపీడనం పట్టిందంటే మన వైపు వాన ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. తడిసిన బస్తా ఖరీదు కిరాయిలోంచి కోస్తారు, ఓనరు దాన్ని నీ బత్తాలోంచి కోస్తాడు.

పోర్టు దగ్గర లైను ఒక్కోసారి గంటలు, ఒక్కోసారి రోజులు. అందరూ తిట్టుకునే ఆ లైనులోనే కొత్తవాడికి లాభం ఉంది. బండిని అంగుళం అంగుళం ముందుకి జరుపుతూ క్లచ్చు, బ్రేకు కాలికి వస్తాయి. గోడౌను గుమ్మానికి రివర్స్ పెట్టాలి, వెనక ఇంకో నలుగురు హారన్లు కొడుతుంటారు. వాళ్ల హారను వినకు. దిగి వెనక్కి వెళ్లి చూసుకుని మళ్లీ ఎక్కు, రెండుసార్లు దిగినా సిగ్గేం లేదు. అద్దంలో కనపడనిది మనిషో, పిల్లాడో కావచ్చు.

కాగితాల సంగతి ఇక్కడే గట్టిగా చెప్పాలి. బియ్యం అంటే మిల్లు ఇన్వాయిసు, మార్కెట్ సెస్సు కట్టిన కాగితం, బండి నంబరు, బస్తాల లెక్క అన్నీ సరిగ్గా కలవాలి. 2024 చివర్లో కాకినాడ పోర్టు నుంచి రేషన్ బియ్యం అక్రమంగా పోతోందన్న గొడవ రాష్ట్రమంతా చూసింది. అలాంటి కేసుల్లో బండి సీజైతే ముందు స్టేషన్లో కూర్చునేది డ్రైవరే. కాగితం చూపించకుండా "నువ్వు పద, నేను ఫోన్ చేస్తా" అనే బ్రోకరు లోడు ఎత్తకు. పన్ను ఉన్న సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి జీఎస్టీ పోర్టల్లో తీసే కాగితం తప్పనిసరి. మామూలు లోడుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున దానికి గడువు ఉంటుంది. దారిలో బండి పాడై గడువు దాటేలా ఉంటే వెంటనే ఓనరుకి చెప్పి పొడిగించుకోమను. గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి ముగిశాక ఎనిమిది గంటల వరకూ వీలుంటుంది. లోడు ఇంకో బండిలోకి మారిస్తే కొత్త బండి నంబరు ఎక్కించాలి.

బరువు విషయంలో ఓనరు మాట కంటే ఆర్సీలో అంకె నమ్ము. 2018లో పెంచిన పరిమితి ప్రకారం పది టైర్ల బండికి బండి, సరుకు కలిపి 28.5 టన్నులు. దాటితే చట్టంలో 20,000 జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకీ 2,000, అదనపు సరుకు అక్కడే దింపించాలి. డబ్బు ఓనరే కట్టినా ఆ లోడుతో బ్రేకు పడక ఎవరినైనా గుద్దితే కేసు నీ మీద. ఇసుక ర్యాంపుల దగ్గర ట్రిప్పుకింత అని ఇచ్చే పనికి నిన్ను వెళ్లొద్దంటాను, దానికి ఇదే కారణం. ట్రిప్పులెక్క అంటే పరుగు, పరుగు అంటే ఓవర్‌లోడు. కొత్తవాడికి రెండూ మప్పకూడదు.

డెల్టాలో హైవే కంటే ఊరి రోడ్డు కష్టం. ఒక పక్క పంట కాలవ, ఇంకో పక్క మురుగు కాలవ, మధ్యలో ఒకటిన్నర బండి పట్టే రోడ్డు. తారు అంచు దాటితే నల్లరేగడి, వాన పడితే టైరు మింగేస్తుంది. ఎదురు బండి వస్తే తొందరపడి అంచు దిగకు. లోడు ఉన్న బండి రోడ్డు మీదే ఉండాలి, ఖాళీ బండి పక్కకి జరగాలి, మా వైపు అది అందరూ పాటించే పద్ధతే. తప్పక దిగాల్సి వస్తే ముందు నువ్వు దిగి మడమతో ఆ మట్టిని నొక్కి చూడు. మడమ దిగబడిందంటే టైరు ఇరుసు దాకా దిగబడుతుంది. చెరువు గట్టు మీదకి మేత బండి తోలమంటే పగలే ఒకసారి నడిచి చూసి రా, రాత్రి ఎవరో టార్చిలైటు ఊపుతూ "వచ్చెయ్ వచ్చెయ్" అంటే రివర్స్ వెళ్లిపోకు.

తల పైన కూడా చూడాలి. ఊళ్లలో కరెంటు తీగలు వేలాడుతుంటాయి, గడ్డి లోడు ఎత్తుగా వేసుకుని పోతే తీగ తగిలి మొత్తం తగలబడుతుంది. దాళ్వా (రబీ) కోతలప్పుడు అలాంటి వార్త ఏటా వింటూనే ఉంటాం. సెకండు డ్రైవరు దిగి ముందు నడవాల్సింది అలాంటి చోటే. రోడ్డు మీద ధాన్యం ఎండబోసే కాలంలో సగం రోడ్డే మిగులుతుంది, చీకట్లో ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్లు కనపడవు.

చేపల బండి గురించి నువ్వు విన్నది అబద్ధం కాదు, డబ్బు ఎక్కువే. భీమవరం, ఆకివీడు, కైకలూరు నుంచి ఐసు వేసిన ట్రేలతో హౌరాకి, అక్కడి నుంచి బీహారు, అస్సాం దాకా పోతాయి. హౌరా అంటేనే వెయ్యి కిలోమీటర్ల పైమాట. కాని ఆ డబ్బు దేనికిస్తున్నారో చూడు. మార్కెట్ తెల్లారకముందే మొదలవుతుంది. నువ్వు ఆ పూటకి చేరకపోతే సరుకు ధర పడిపోతుంది, ఐసు కరుగుతూ ఉంటుంది, వ్యాపారి గంటకోసారి ఫోన్ చేస్తూ ఉంటాడు. ఇద్దరు డ్రైవర్లు మారుకుంటూ బండి ఆపకుండా తోలతారు. ఒకడు నడుపుతుంటే రెండోవాడు వెనక బెర్తు మీద కుదుపుల్లో పడుకుంటాడు, దాన్ని నిద్ర అనలేం. నిద్ర లేని మనిషికి తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య కళ్లు తెరిచే ఉంటాయి, రోడ్డు కనపడదు. నిద్ర రాకుండా ఉండటానికి మాత్రలు, గుట్కా మొదలయ్యేది ఈ లైన్లోనే. అనుభవం ఉన్నవాడికి ఒళ్లు ఎప్పుడు మొరాయిస్తుందో ముందే తెలుస్తుంది, ఫోన్ కట్ చేసి బండి పక్కన పెట్టే ధైర్యం ఉంటుంది. ఇరవై ఏళ్ల కుర్రాడికి "మావాడు పదిహేను గంటల్లో ఒడిశా దాటేశాడు" అన్న మెప్పు కావాలి. రెండేళ్ల తర్వాత వెళ్లు, కాదనను. అప్పుడు కూడా పక్కన ఎవరు తోలుతున్నారో తెలుసుకుని ఎక్కు.

మిగతా లోడ్లు రెండో ఏడాదికి. అంబాజీపేట, పాలకొల్లు కొబ్బరి గుజరాత్, రాజస్థాన్ వైపు పోతుంది, దూరం నేర్చుకోవడానికి మంచి సరుకు, ఒక పూట ఆలస్యమైతే కొంప మునగదు. తిరుగు లోడు దొరికేదాకా ఆగే ఓపిక ఉండాలి. మహారాష్ట్ర నుంచి తాడేపల్లిగూడెం మార్కెట్‌కి ఉల్లి దొరికితే ఆ ట్రిప్పు గిట్టినట్టే. కడియపులంక మొక్కల లోడు తేలిక, కాని ఎండకి వాడిపోతుంది, దారిలో నీళ్లు కొట్టుకుంటూ పోవాలి. రొయ్యల ఫ్యాక్టరీల నుంచి పోర్టుకి పోయే రీఫర్ కంటైనర్లు మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి, ఆ మెషీన్ చూసుకోవడం వేరే పని. దానికి చదువుకున్న కుర్రాళ్లని అడుగుతున్నారు, నీకు కలిసొస్తుంది.

మనది చదును నేల తమ్ముడూ, డెల్టా డ్రైవరుకి ఘాట్ తెలియదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపో, సాలూరు నుంచి కోరాపుట్ వైపో మొదటిసారి లోడుతో వెళ్లేటప్పుడు పక్కన ఘాట్ తెలిసినవాడు ఉండాల్సిందే. ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలి. ఇంజనుతోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వాడు. డీజిలు మిగుల్తుందని న్యూట్రల్ చేశావంటే బరువంతా బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది, అవి కాలి పట్టు వదిలేస్తాయి. ఆ వాసన ఒకసారి ముక్కుకి తగిలితే వెంటనే బండి ఆపు, డ్రమ్ముల మీద నీళ్లు పొయ్యకు, పగుల్తాయి, వాటంతటవే చల్లారనివ్వు.

రాత్రి ఆపాల్సి వస్తే హైవే అంచున ఆపకు. పదహారో నంబరు హైవే మీద ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దేవాళ్లే ఎక్కువ. పెట్రోలు బంకో, లారీలు ఆగే స్థలమో దొరికేదాకా వెళ్లు. బ్రేక్‌డౌన్ అయితే ఇండికేటర్లు వేసి, వెనక దూరంగా ట్రయాంగిల్ పెట్టు, కొమ్మలూ రాళ్లూ పెట్టి ఊరుకోకు. పెట్టినా తీసేటప్పుడు రాళ్లు మర్చిపోకు.

యాక్సిడెంట్ గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్పాలి. 2024 జనవరిలో దేశమంతా డ్రైవర్లు సమ్మె చేశారు గుర్తుందా, బంకుల దగ్గర లైన్లు కట్టారు? గుద్ది మనిషి పోతే చెప్పకుండా పారిపోయినవాడికి పదేళ్ల దాకా శిక్ష అన్న భారతీయ న్యాయ సంహిత 106(2) క్లాజు మీద ఆ గొడవ. ఆ ఏడాది జూలై 1న కొత్త చట్టం వచ్చినా ఆ క్లాజుని మాత్రం అమలు చెయ్యకుండా ఆపారు. దానితో సంబంధం లేకుండా మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ఎప్పటి నుంచో ఉంది. బండి ఆపాలి, దెబ్బ తగిలినవాడికి వైద్యం అందేలా చూడాలి, పోలీసులకి చెప్పాలి. జనం కొట్టేలా ఉంటే అక్కడ నిలబడక్కర్లేదని చట్టమే చెప్తోంది. అలాంటప్పుడు నేరుగా దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్లిపో, 108కి ఫోన్ చెయ్యి. స్టేషన్‌కి వెళ్లినవాడి కేసు వేరు, ఫోన్ స్విచాఫ్ చేసి ఊరికి పారిపోయినవాడి కేసు వేరు.

ఓనర్ని ఎంచుకోవడం దగ్గర నా మాట నాకే ఎదురు తిరుగుతుందేమో, అయినా చెప్తాను. జీతం ఎంత అని అడిగే ముందు లెక్క ఎలా కడతారో అడుగు. కొందరు నెల జీతం, పైన ట్రిప్పు బత్తా ఇస్తారు. కొందరు కిరాయిలో పర్సంటేజీ అంటారు. కొందరు డీజిలుకి ఇంత మైలేజీ అని కట్టి, మిగిలితే నీది, తగ్గితే నీ మీద అంటారు. మొదటి పద్ధతి తప్ప మిగతావి కొత్తవాడికి వద్దు. పోర్టులో మూడు రోజులు హాల్టింగ్ పడితే బత్తా ఎవరిస్తారు, టైరు పేలితే ఎవరిది, చలానా పడితే ఎవరిది, ఇవి మొదటి రోజే మాట్లాడుకుని వాట్సాప్‌లో రాయించుకో. సిగ్నల్ దాటితే నీది, ఓవర్‌లోడు అయితే ఓనరుది, అదే న్యాయం. ఒరిజినల్ లైసెన్స్ ఎవరి చేతికీ ఇవ్వకు. "మా దగ్గర ఉంచు" అన్నవాడు రేపు నిన్ను మానేయనివ్వడు. డిజీలాకర్లో పెట్టుకుని చూపించు, అది చెల్లుతుంది. బండి ఇన్సూరెన్స్‌లో డ్రైవరు కవరు ఉందో లేదో పాలసీ కాగితం తెప్పించి చదువు. నీ బ్యాంకు ఖాతా మీద ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టు, ప్రమాదంలో పోతే ఇంటికి రెండు లక్షలు వస్తాయి. ఇంకోటి, కొత్తగా తయారయ్యే లారీలకి 2025లో క్యాబిన్ ఏసీ తప్పనిసరి అయింది. రెండు చోట్ల ఒకే జీతం చెప్తే కొత్త బండి ఉన్న ఓనరు దగ్గరికి వెళ్లు, రోహిణి కార్తెలో ఆ తేడా తెలుస్తుంది.

కోనసీమ వాడివి కాబట్టి గల్ఫ్ ఆలోచన రాకుండా ఉండదు. పది పాసయ్యావు కాబట్టి పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్ (ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేనిది) వస్తుంది, అది మంచిదే. కాని అక్కడ లైసెన్స్ మళ్లీ అక్కడే తీసుకోవాలి, ఇక్కడ అనుభవం లేనివాడికి ట్రైలర్ ఇవ్వరు. వెళ్లేటప్పుడు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్లో ఏజెంటు పేరు ఉందో లేదో చూడు. ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000, పైన జీఎస్టీ, అంతే. లక్షన్నర అడిగేవాడికి దండం పెట్టి వచ్చెయ్.

నాన్నగారి భయం నాకు తెలుసు. లారీ డ్రైవరుకి పిల్లనెవరిస్తారని మా ఇంట్లోనూ అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు, ఇప్పటికీ సంబంధాలు చూసేవాళ్లు "ఏం చేస్తాడు" అని అడిగి లారీ అనగానే గ్లాసు కింద పెట్టేస్తారు. వాదించి గెలవలేవు. మొదటి ఏడాది పోర్టు రూటు ఎంచుకోమన్నది దీనికి కూడా. రెండ్రోజులకోసారి ఇంటికొచ్చి అన్నం తిని పడుకునే కొడుకుని చూస్తే ఆయన మాట కాస్త మెత్తబడుతుంది. నెలకింత అని ఆయన ఖాతాలో వేస్తే ఇంకా మెత్తబడుతుంది. మందు జోలికి మాత్రం పోకు, ఆయన అసలు భయం అదే. తాగి నడిపితే మొదటిసారికే 10,000 జరిమానా, ఆరు నెలల జైలు దాకా ఉంది.

ఇక సొంత బండి. ఫైనాన్స్ వాళ్లు డౌన్‌పేమెంటు తక్కువ అంటారు, కిస్తీ ఎంత అన్నదే మాట్లాడతారు. బండి తిరిగినా తిరక్కపోయినా కిస్తీ ఆగదు, మన లోడ్లు మాత్రం ఆగుతాయి. సార్వా (ఖరీఫ్), దాళ్వా కోతలప్పుడు లారీ దొరకదు, కిరాయి అడిగినంత ఇస్తారు. వానలు ముదిరాక అదే బండి బుకింగ్ ఆఫీసు ముందు వరుసగా నిలబడి ఉంటుంది. ఎగుమతి ఆపారంటే పోర్టు లైనే ఉండదు, 2023లో తెల్ల బియ్యం ఎగుమతి మీద నిషేధం పెట్టినప్పుడు చూశాం. కాబట్టి జీతానికి చేసే రెండేళ్లూ ఒక నోటుపుస్తకం పెట్టుకో. ఓనరుకి వచ్చిన కిరాయి, డీజిలు, టోలు, టైర్లు, రిపేర్లు, ఇన్సూరెన్స్, ఏటా నేషనల్ పర్మిట్ 16,500, బండి ఖాళీగా ఉన్న రోజులు, అన్నీ నెలవారీ రాయి. అడిగితే చాలామంది ఓనర్లు చెప్తారు, ఏడవడానికి మాకూ ఒక మనిషి కావాలి కదా. రెండేళ్ల లెక్కలోంచి కిస్తీ తీసేశాక, నువ్వు డ్రైవరుగా తెచ్చుకుంటున్న జీతం కంటే ఎక్కువ మిగిలితే అప్పుడు ఆ పుస్తకం పట్టుకుని రావులపాలెం రా, ఏ బండి, ఎన్ని టైర్లది తీసుకోవాలో కూర్చుని చూద్దాం.